'తెర్ర'కు చుట్టం ధర కాదు, తృష్ణ

ప్రశ్న: పోర్చుగీసులో మట్టినీ భూమినీ 'తెర్ర' అంటారు. మన 'ధర', 'ధరణి' కూడా భూమే కదా, రెండిటికీ మూలం ఒకటేనా? — ఒక పాఠకురాలు, తెనాలి

జవాబు: వినడానికి అక్కచెల్లెళ్లలా ఉన్నాయి గానీ, కావు. పోర్చుగీసు లాటిన్ నుంచి పుట్టింది; లాటిన్, సంస్కృతం ఒకే కుటుంబపు భాషలు. ముందు మొదటి హల్లు చూడండి. సంస్కృతంలో మాట మొదట ధకారం ఉంటే లాటిన్‌లో ఫకారం రావాలి. మన ధూమం అక్కడ 'ఫూముస్', పోర్చుగీసులో 'ఫూము'. ధర అంటే మోసేది. ఆ ధృ ధాతువు లాటిన్‌లో 'ఫిర్ముస్' అయింది, అంటే గట్టిగా నిలిచేది.

తకారం మాత్రం రెండు వైపులా తకారమే: త్రయం, 'త్రేస్'. కాబట్టి తెర్ర చుట్టాన్ని తకారంలోనే వెతకాలి. ఇక ఆ జంట రేఫ, అంటే 'ర్ర'. లాటిన్‌లో రేఫ పక్కనున్న సకారం రేఫలో కలిసిపోయింది. తెర్ర పాత రూపం 'తెర్స'. ఇప్పుడు సంస్కృతం వైపు తిరిగితే తర్షం, తృష, తృష్ణ కనిపిస్తాయి. అన్నీ దప్పికే! మూలధాతువుకు అర్థం ఎండిపోవడం. గొంతు ఎండితే తృష్ణ, నీటికి ఎడంగా ఉన్న పొడినేల తెర్ర. ఇంగ్లీషు 'థర్‌స్ట్' కూడా ఈ ఇంటిదే. త్రయం 'త్రీ' అయినట్టే అక్కడా మొదటి తకారం మారింది. పెనం మీద కాల్చే టోస్టు కూడా ఈ ధాతువుదే.

ఈ తెర్రే స్పానిష్‌లో 'తియెర్ర', ఫ్రెంచిలో 'తెర్'. రుమేనియన్లో 'త్సర' అయి, దేశమనే అర్థానికి మళ్లింది. పోర్చుగీసులో పూడ్చిపెట్టడం 'ఎంతెర్రార్'. మన మేడ మీది టెర్రస్, కాల్చిన మట్టి టెర్రకోట కూడా దీని పిల్లలే. టెర్రర్‌ను మాత్రం ఇందులో కలపకండి, చాలామంది పొరపడేది ఇక్కడే. దాని చుట్టం మన 'త్రాసం', అంటే భయం.

ప్రశ్న: పోర్చుగీసులో నేలకు 'షాంవ్', 'సోలు' అనే మాటలూ ఉన్నాయట. అవీ తెర్ర నుంచేనా? — ఒక పాఠకుడు, వరంగల్

జవాబు: కాదు. షాంవ్ లాటిన్ 'ప్లానుస్' నుంచి వచ్చింది, అంటే చదునైనది. మొదటి 'ప్ల' చకారమై, తర్వాత షకారమైంది; వానకు లాటిన్ మాట 'ప్లువియ' కూడా అలాగే 'షూవ' అయింది. అచ్చుల మధ్య నకారం ముక్కుధ్వనిగా కరిగింది. రొట్టె 'పానెం' ఈ దారిలోనే 'పాంవ్' అయింది. మన పావ్ భాజీలో పావ్ అదే.

సోలు లాటిన్ 'సోలుం'. రంగుకు లాటిన్ మాట 'కొలోరెం' పోర్చుగీసు జనం నోట లకారం పోగొట్టుకుని 'కోర్' అయింది. సోలులో లకారం చెక్కుచెదరలేదంటే, అది పండితులు లాటిన్ నుంచి మళ్లీ తెచ్చుకున్న మాటన్నమాట. భూసార పరీక్షల్లో సోలు, ఇల్లు తుడిచేటప్పుడు షాంవ్ వినిపించడం అందుకే.