టెక్ సందేహాలు: బ్యాండ్‌సా బల్ల మధ్య బిళ్ళ విరిగితే ఏం చేయాలి?

ప్రశ్న: ఇంటి వెనక రేకుల షెడ్డులో తీరిక వేళల్లో వడ్రంగి పని చేసుకుంటాను. సెకండ్‌హ్యాండ్‌లో కొన్న 14 అంగుళాల బ్యాండ్‌సా (రెండు చక్రాల మీద పట్టీ లాంటి రంపం బ్లేడ్ తిరిగే కోత మెషిన్) ఉంది. బల్ల మధ్యలో బ్లేడ్ చుట్టూ ఉండే అల్యూమినియం బిళ్ళ గాడి దగ్గర బాగా అరిగి, ఒక పక్క విరిగిపోయింది. ఆ మోడల్ ఇప్పుడు రావడం లేదు, స్పేర్ దొరకడం లేదు. లేత్ షాపులో ఇనుప బిళ్ళ చేయించుకోమంటున్నారు. మీరేమంటారు?
– ఒక పాఠకుడు, రాజమహేంద్రవరం

జవాబు: ఇనుముతో మాత్రం వద్దండి. కోత కోసేటప్పుడు బ్లేడ్ ఎప్పుడో ఒకప్పుడు పక్కకు వంగి బిళ్ళను తాకుతుంది. తాకినప్పుడు అరగాల్సింది బిళ్ళ, బ్లేడ్ పళ్ళు కాదు. అందుకే ఈ బిళ్ళలు అల్యూమినియంతోనో ప్లాస్టిక్‌తోనో వస్తాయి. ఇనుముకు ఒక్కసారి గట్టిగా రాసుకుంటే ఆ పక్క పళ్ళ పదును పోతుంది. అక్కడి నుంచి కోత గీత మీద నిలవదు, రెండో పక్కకు లాగుతూనే ఉంటుంది. బ్లేడ్ మార్చేదాకా ఆ బాధ తప్పదు.

విరిగిన బిళ్ళతో మాత్రం ఇంకొక్క కోత కూడా కోయకండి. మా మేనమామ గారి షెడ్డులో నా కళ్ళ ముందే జరిగింది. గాడి వేలు పట్టేంత వెడల్పైపోయినా ‘ఇంకా పనికొస్తుందిలే’ అని ఊరుకున్నారు. అగ్గిపుల్లంత టేకు తునక ఒకటి కోతలోంచి విడిపోయి ఆ సందులోకి జారింది. బ్లేడ్ దాన్ని కిందికి లాక్కెళ్ళి, చక్రం మీది రబ్బరుకూ తనకూ మధ్య ఇరికించుకుంది. టక్‌మని శబ్దం, బ్లేడ్ చక్రం మీంచి జారిపోయింది. ఎవరికీ దెబ్బ తగల్లేదు కానీ, రబ్బరు పట్టీ కోసుకుపోయింది. ఈ సైజు మెషిన్లలో బ్లేడ్ నిమిషానికి దాదాపు 3,000 అడుగుల వేగంతో తిరుగుతుంది. చేత్తో పట్టి ఆపగలిగే వ్యవహారం కాదు.

బిళ్ళ ఇంట్లోనే చేసుకోవచ్చు. ముందు పాత బిళ్ళను కాదు, అది కూర్చునే గుంటను కొలవండి. వెర్నియర్ కాలిపర్‌తో వ్యాసం రెండు మూడు దిక్కుల్లో తీసుకోండి. పాత మెషిన్లలో ఆ గుంట కచ్చితంగా గుండ్రంగా ఉండకపోవచ్చు. తర్వాత లోతు చూడండి. ఏ షీటు కొనాలో చెప్పేది ఆ లోతే. 3 మి.మీ. ఉంటే పాలికార్బొనేట్ ముక్క బాగుంటుంది. అక్రిలిక్ కూడా వాడతారు కానీ పెళుసు, అంచు దగ్గర పగులుతుంది. 6 మి.మీ. ఉంటే మంచి ప్లైవుడ్ చాలు. గోదావరి గాలి తేమకు ఎండీఎఫ్ (చెక్క పీచును జిగురుతో నొక్కి చేసే పలక) ఉబ్బుతుంది, మీ ఊళ్ళో దాని జోలికి వెళ్ళకండి. వంటింటి ప్లాస్టిక్ చాపింగ్ బోర్డు కూడా పనికొస్తుంది. అది నీటికి ఉబ్బదు, పళ్ళకు మెత్తన. కాకపోతే దానికి జిగురూ టేపూ సరిగా అంటుకోవు.

బిళ్ళను గుండ్రంగా కోయడానికి చాలామంది హోల్ సా (డ్రిల్లుకు బిగించి గుండ్రటి రంధ్రం కోసే గిన్నె లాంటి రంపం) తీస్తారు. అందులో రెండు చిక్కులు. హోల్ సా మీద రాసి ఉండే సైజు రంధ్రానిది, లోపలి బిళ్ళది కాదు. బిళ్ళ కొన్ని మి.మీ. చిన్నగా వస్తుంది. పైగా మధ్యలో డ్రిల్ బిట్ చేసిన రంధ్రం మిగులుతుంది, సరిగ్గా బ్లేడ్ రావాల్సిన చోటే. కాబట్టి కంపాస్‌తో గీత గీసి బ్యాండ్‌సా మీదే కోయండి. బిళ్ళ లేకుండా ఎలా అంటారేమో. ఒక పలుచని ప్లైవుడ్ పలకను బల్ల మీద పెట్టి, బ్లేడ్‌తో దాని మధ్య దాకా కోసి, మెషిన్ ఆపి, పలకను రెండు క్లాంపులతో బల్లకు బిగించండి. ఇప్పుడు బ్లేడ్ చుట్టూ వెంట్రుకవాసి సందే ఉంటుంది. కొత్త బిళ్ళను ఈ తాత్కాలిక బల్ల మీద గీతకు ఒక మి.మీ. బయటగా కోసుకుని, మిగతాది గరుకు కాగితంతో రుద్దుతూ గుంటకు సరిచూసుకోండి. వేలితో నొక్కితే దిగాలి, సుత్తితో కొట్టాల్సిన అవసరం రాకూడదు. ప్లైవుడ్ అయితే వానాకాలానికి కాస్త వదులు ఉంచండి.

ఇక గాడి. ఇంత చిన్న బిళ్ళను చేత్తో పట్టుకుని బ్లేడ్ మీదికి తోయకూడదు. అడుగున్నర పొడవు ప్లైవుడ్ బద్ద మీద, బ్లేడ్ వైపు అంచుకు కలిసేలా, డబుల్ సైడ్ టేపుతో అతికించి, బద్దను పట్టుకుని తోయండి. చాపింగ్ బోర్డు ముక్క అయితే టేపును నమ్మకుండా చిన్న క్లాంపుతో బద్దకు బిగించండి. పై గైడ్‌ను (బ్లేడ్ పక్కకు వంగకుండా పట్టి ఉంచే భాగం) చెక్కకు అయిదారు మి.మీ. ఎత్తుకు దించండి. అంచు నుంచి మొదలుపెట్టి బిళ్ళ మధ్యను 2–3 మి.మీ. దాటాక ఆగి, మోటార్ ఆపి, బ్లేడ్ పూర్తిగా నిలిచాకే వెనక్కి తీయండి. ప్లగ్ పీకేసి తాత్కాలిక పలక తీసేయండి. గాడి అంచు దాకా తెరిచే ఉంది కాబట్టి బ్లేడ్ విప్పకుండానే బిళ్ళను పక్కనుంచి దూర్చి గుంటలో కూర్చోబెట్టవచ్చు.

స్కేలు అడ్డంగా పెట్టి చూడండి. బిళ్ళ బల్ల కంటే కాగితం మందమైనా పైకి ఉంటే చెక్క దానికి తట్టి ఆగుతుంది, అడుగు వైపు రుద్దండి. కిందికి ఉంటే గుంట అంచు మీద మాస్కింగ్ టేపు ఒక్కో పొర వేస్తూ పైకి తెచ్చుకోండి. ఒకటి చేసే ఓపికకు నాలుగు చేసుకోవచ్చు. బల్లను 45 డిగ్రీలకు వంచి కోసేటప్పుడు బ్లేడ్ ఈ సన్న గాడిని నమిలేస్తుంది, ఆ పనికి వెడల్పు గాడితో ఒకటి విడిగా ఉంచండి.

ప్రశ్న: నా దగ్గర త్రీడీ ప్రింటర్ ఉంది. ఇదే బిళ్ళను ప్రింట్ చేసుకోవచ్చా? ఓపెన్‌స్కాడ్ అనే త్రీడీ డిజైన్ సాఫ్ట్‌వేర్‌లో గీస్తే గుండ్రంగా రాకుండా పలకలు పలకలుగా వస్తోంది.
– ఒక పాఠకురాలు, హైదరాబాద్

జవాబు: నిరభ్యంతరంగా చేసుకోవచ్చు. పలకల సంగతి ముందు చూద్దాం. మీరేమీ చెప్పకపోతే ఓపెన్‌స్కాడ్ ఈ సైజు సిలిండర్‌ను 30 భుజాలతో గీస్తుంది. భుజాల సంఖ్యను నిర్ణయించే డాలర్ ఎఫ్ఎన్ ($fn) విలువను 200 చేయండి, నున్నగా వస్తుంది. వ్యాసం గుంట కంటే 0.2 నుంచి 0.3 మి.మీ. తక్కువ పెట్టండి. పూర్తి బిళ్ళకు ముందు 1 మి.మీ. మందం రింగు ఒకటి ప్రింట్ చేసి గుంటలో పెట్టి చూడండి, బోలెడు ఫిలమెంట్ (ప్రింటర్‌కు వేసే ప్లాస్టిక్ తీగ) మిగులుతుంది.

బిళ్ళ పైముఖం ప్రింటర్ బెడ్ వైపు ఉండేలా తలకిందులుగా ప్రింట్ చేయండి. చెక్క జారాల్సిన ముఖం అదే, బెడ్ మీద అద్దంలా వస్తుంది. అయితే మొదటి పొరలు బెడ్ మీద కాస్త పక్కలకు పరుచుకుంటాయి. ఆ అంచుకు అర మి.మీ. వాలు ఇవ్వకపోతే బిళ్ళ గుంటలోకి దిగదు. లోపల బోలుగా వదలకండి, ఇన్‌ఫిల్ (లోపల ఎంత నింపాలనే సెట్టింగ్) నూటికి నూరు పెట్టండి.

ప్రింటర్ ప్లాస్టిక్‌లలో పీఎల్ఏ 60 డిగ్రీల దగ్గరే మెత్తబడుతుంది. బ్లేడ్ రాసుకుంటే కరిగి పళ్ళకు అతుక్కుంటుంది. పెట్‌జీ అనే ఇంకో రకం 80 డిగ్రీల దాకా నిలుస్తుంది, అదే వాడండి. గాడిని మెషిన్ మీద కోయకుండా డిజైన్‌లోనే, బ్లేడ్ కోత కంటే అర మి.మీ. ఎక్కువ వెడల్పుతో ఇచ్చేయండి.

ప్రశ్న: కొత్త బిళ్ళ వేసి వారమైనా కాలేదు, గాడి ఎడమ పక్క అప్పుడే అరుగుతోంది. పొట్టులో వెండి రంగు రజను కనిపిస్తోంది. గాడిని ఆకురాయితో వెడల్పు చేయనా?
– ఒక పాఠకుడు, వరంగల్

జవాబు: ఆకురాయి పక్కన పెట్టండి. ఆ రజను మీ బిళ్ళ అల్యూమినియమే, తప్పు మాత్రం బిళ్ళది కాదు. ప్లగ్ పీకి, పై చక్రాన్ని చేత్తో తిప్పుతూ బ్లేడ్‌ను గమనించండి. ఊరికే తిరుగుతున్నప్పుడే ఎడమకు తాకుతుంటే బల్ల జరిగింది, కింది బోల్టులు వదులు చేసి సర్దండి. ఊరికే తిరిగినప్పుడు సరిగ్గా ఉండి, కోతలో మాత్రమే తాకుతుంటే కింది గైడ్లు బ్లేడ్‌కు దూరంగా ఉన్నట్టు, లేదా బ్లేడ్ బిగువు చాలనట్టు. గైడ్‌కూ బ్లేడ్‌కూ మధ్య మామూలు కాగితం ఒకటి పట్టేంత సందు ఉంచి బిగించండి.