పెర్మాఫ్రాస్ట్ కరిగితే టండ్రా నేలల నుంచి ఏ వాయువులు, ఎందుకు వెలువడతాయి?

వరుసగా రెండేళ్లకు తగ్గకుండా సున్నా డిగ్రీల సెల్సియస్ వద్ద గానీ అంతకంటే చల్లగా గానీ ఉండే నేలను పెర్మాఫ్రాస్ట్ అంటారు. సైబీరియా, అలాస్కా, ఉత్తర కెనడాలలో విస్తరించిన ఈ నేలల్లో, వేల ఏళ్లుగా పూర్తిగా కుళ్లకుండా మిగిలిన మొక్కల, జంతువుల అవశేషాల రూపంలో సుమారు 1,500 బిలియన్ టన్నుల కార్బన్ ఉందని అంచనా. వాతావరణంలో ఉన్నదానికి ఇది దాదాపు రెట్టింపు. నేల కరగగానే సూక్ష్మజీవులు ఆ అవశేషాలను కుళ్లబెట్టడం మొదలుపెడతాయి.

ఏ వాయువు వెలువడుతుందనేది ప్రధానంగా నీటిని బట్టి ఉంటుంది. నీరు తీసిపోయి గాలి ఆడే చోట ఎక్కువగా కార్బన్ డయాక్సైడ్ వస్తుంది. సైబీరియాలోని యెడోమా వంటి, మంచు అధికంగా ఉన్న నేలలు కరిగి, కుంగి, చెరువులుగా మారిన చోట మాత్రం ఆక్సిజన్ అందని అడుగుమట్టిలో మీథేన్ తయారవుతుంది. వందేళ్ల కాలానికి లెక్కిస్తే, అంతే బరువున్న కార్బన్ డయాక్సైడ్ కంటే అది సుమారు 28 రెట్లు ఎక్కువగా వేడిని పెంచుతుంది. అయితే పైపొరల్లోని బ్యాక్టీరియా దానిలో కొంత భాగాన్ని ఆక్సీకరించి కార్బన్ డయాక్సైడ్‌గా మారుస్తుంది. బుడగలుగానో, తుంగజాతి మొక్కల కాండాల గుండానో వచ్చేది తప్పించుకుంటుంది.

వేసవిలో మొక్కలు కొంత కార్బన్‌ను తిరిగి పీల్చుకుంటాయి గానీ, అవి నిద్రాణమయ్యాక కూడా నేలలో కుళ్లడం ఆగదు కాబట్టి, వేసవి కొలతలను మాత్రమే చూసి లెక్క తేల్చడం సరికాదు. మీథేన్ ఒక్కసారిగా భారీగా బయటపడుతుందనే "మీథేన్ బాంబు" ప్రచారం కూడా అతిశయోక్తే. ఈ విడుదల దశాబ్దాలు, శతాబ్దాల పాటు సాగే ప్రక్రియ.