రాత్రి మూడింటికి లేపి, మంచం తడిపే పిల్లితో ఎలా వేగాలి?

మీ ప్రశ్నలో నాలుగు ఫిర్యాదులు ఉన్నాయి. మీ రెండేళ్ల మగపిల్లి రోజూ రాత్రి మూడింటికి అరిచి లేపుతున్నాడు, సోఫా చేతులు చీల్చేశాడు, బల్ల మీద పెట్టిన ప్రతి వస్తువునూ కిందికి తోసేస్తున్నాడు, ఈ వారం రెండుసార్లు మంచం మీద మూత్రం పోశాడు. తిట్టినందుకు కక్ష తీర్చుకుంటున్నాడా అని అడిగారు.

మీరు చివర రాసిన సంగతి ముందు చూడాలి. మొదటి మూడూ అల్లరే. నాలుగోది అల్లరి కాకపోవచ్చు. వాడు లిట్టర్ బాక్సులోకి (మలమూత్రాల కోసం ఇసుకలాంటిది పోసి పెట్టే పెట్టె) పదేపదే వెళ్తున్నాడా? చాలాసేపు కూర్చుని చుక్కలు చుక్కలుగా పోస్తున్నాడా? మూలుగుతున్నాడా? పొట్ట కింది భాగాన్ని అదేపనిగా నాక్కుంటున్నాడా? వీటిలో ఏ ఒక్కటి కనిపించినా ఈ జవాబు చదవడం ఇక్కడ ఆపి పశువైద్యుడి దగ్గరికి బయలుదేరండి, మిగతాది తర్వాత చదువుకోవచ్చు. మగపిల్లులకు మూత్రనాళం చాలా సన్నం. స్ఫటికాలో, జిగురులాంటి ముద్దో అడ్డుపడితే మూత్రం పూర్తిగా ఆగిపోతుంది. అలా ఆగి చికిత్స అందకపోతే ఒకటి రెండు రోజుల్లోనే ప్రాణం పోవచ్చు.

నేను ఇంత గట్టిగా చెప్పడానికి కారణం మా బూడిద. నాలుగేళ్ల క్రితం వానలో తడుస్తూ రెండు నెలల పిల్లగా దొరికాడు. ఒంటి రంగును బట్టి ఆ పేరు పెట్టాం. వాడిని ఎవరైనా ‘అది’ అంటే మా అమ్మ ఊరుకోదు, కాబట్టి ఇక్కడ కూడా ‘వాడు’ అనే రాస్తాను. మీ వాడి వయసులోనే బూడిద మా చెల్లెలి పక్క మీద మూత్రం పోశాడు. ముందురోజు కొత్త కర్టెన్ చించినందుకు చెల్లెలు వాడిని గదిలోంచి బయటికి పంపి తలుపు వేసుకుంది. ఇంకేముంది, పగబట్టాడనే అందరం అనుకున్నాం. నేను వాడిని ఎత్తుకెళ్ళి ఆ తడి ముందు నిలబెట్టి అరిచాను. చెవులు వెనక్కి వాల్చి మంచం కిందికి దూరిపోయాడు.

మర్నాడు పొద్దున స్నానాలగది నేల మీద వంగి కూర్చుని, ఒంట్లో ఉన్న బలమంతా పెట్టి ముక్కుతున్నాడు. ఒక్క చుక్క రాలేదు. నా వైపు చూసి ఒక అరుపు అరిచాడు. అలాంటి అరుపు వాడి నోటి నుంచి అంతకుముందు ఎన్నడూ వినలేదు. డాక్టరుగారు పొట్ట తడిమి, మూత్రాశయం రాయిలా బిగుసుకుపోయి ఉందన్నారు. మత్తు ఇచ్చి గొట్టం వేసి మూత్రం తీశారు. మూడు రోజులు అక్కడే ఉంచాల్సి వచ్చింది. బాధలో ఉన్న ప్రాణిని దోషిలా నిలబెట్టి అరిచిన ఆ రోజు నాకు ఇప్పటికీ గుర్తుకొస్తూనే ఉంటుంది.

డాక్టరుగారు అడిగిన ఒక ప్రశ్న మా ఇంటి తీరునే మార్చింది. “ఈ మధ్య ఇంట్లో ఏమైనా మార్చారా?” అన్నారు. ఏమీ లేదన్నాం. ఇంటికి వచ్చాక తట్టింది. అంతకు రెండు వారాల ముందు లిట్టర్ బాక్సును వాషింగ్ మెషిన్ పక్కకు జరిపాం. బట్టలు పిండేటప్పుడు ఆ మెషిన్ ఊగుతూ చేసే మోత మనకే చిరాకు. సన్నటి కీచు శబ్దాలు వినడంలో మన చెవికి 20 కిలోహెర్ట్జ్ దగ్గర హద్దు, పిల్లి చెవి 60 కిలోహెర్ట్జ్ పైమాటే వినగలదు. ఆ మూలకు వెళ్ళడానికి భయపడి బిగబట్టుకుని ఉంటాడు. బెదురు, ఒత్తిడి పిల్లుల మూత్రాశయంలో వాపు తెచ్చిపెట్టే కారణాల్లో ఒకటని ఆయన చెప్పారు. పోసేటప్పుడు నొప్పి పుడితే పిల్లి ఆ నొప్పిని లిట్టర్ బాక్సుతోనే ముడిపెట్టుకుంటుంది. అందుకే మెత్తటి పక్కబట్టల్లాంటి వేరే చోటు వెతుక్కుంటుంది. అందులో పగ ఎక్కడుంది?

ఆ తర్వాత బాక్సును అలికిడి లేని మూలలో పెట్టాం, రెండో గదిలో ఇంకొకటి ఏర్పాటు చేశాం. ఇంట్లో ఉన్న పిల్లుల సంఖ్యకు ఒకటి కలిపి అన్ని బాక్సులు ఉండాలన్నది పిల్లులు పెంచేవాళ్ళు పాటించే లెక్క. రోజూ శుభ్రం చేస్తాం. నీళ్ళ గిన్నెలు మూడు చోట్ల, తిండి గిన్నెకు దూరంగా ఉంచాం, ఎండు గుళికలు తగ్గించి తడి ఆహారం పెంచాం. తడిసిన పరుపును ఎంజైములున్న ద్రవంతో కడగండి. వాసన మిగిలితే మళ్ళీ అక్కడికే వస్తాడు. ఇంకో సంగతి. మీ వాడు కూర్చుని కాకుండా నిలబడి, తోక వణికిస్తూ గోడల మీదికో తలుపుల మీదికో చిమ్ముతుంటే అది హద్దు గుర్తు పెట్టుకోవడం. సంతాన నిరోధక ఆపరేషన్ చేయించకపోతే ముందు అది చేయించండి, చాలావరకు తగ్గుతుంది.

ఇక రాత్రి మూడు గంటల సంగతి. తెలుగులో కాలు కాలిన పిల్లిలా అంటాం కదా, బూడిద సరిగ్గా అలాగే ఈ గదిలోంచి ఆ గదిలోకి పరుగెత్తేవాడు. పరుగు అయ్యాక నా దిండు దగ్గరికి వచ్చి అరుపు మొదలుపెట్టేవాడు. పిల్లి పగటి జీవి కాదు, పూర్తిగా రాత్రి జీవి కూడా కాదు. తెల్లవారుజామునా, సాయం సంధ్యలోనూ దానికి చురుకుదనం ఎక్కువ. మనకు కావలసిన వెలుతురులో ఆరో వంతు ఉన్నా దానికి కనిపిస్తుంది. రోజులో 12 నుంచి 16 గంటలు నిద్రపోతుంది. మనం బయటికి వెళ్ళిన పగలంతా బూడిద నిద్రపోయి, మనం పడుకునే వేళకు నిండు బలంతో లేచేవాడు. ఆ బలం ఎక్కడికి పోవాలి?

మొదట్లో నేను చేసిన పొరపాటు, వాడు అరవగానే లేచి గుప్పెడు గుళికలు వేయడం. అరిస్తే తిండి వస్తుందని వాడికి నేనే నేర్పాను. ఆ అలవాటు మాన్పడానికి రెండు పనులు చేశాను. మొదటిది, పడుకునే ముందు ఇరవై నిమిషాల ఆట. కర్రకు దారం, దారం చివర ఈక. ఆ ఈకను పిల్లి ముఖం మీదికి ఊపకండి. ఏ ఎలుకా పిల్లి మీదికి నడిచిరాదు. దూరంగా పారిపోతున్నట్టు, సోఫా వెనక దాక్కున్నట్టు, ఆగి మళ్ళీ కదిలినట్టు లాగాలి. వాడు పొంచి, పిరుదులు ఊపి, దూకి పట్టుకోవాలి, పట్టుకోనివ్వాలి. లేజర్ చుక్కతో ఆడించేవాళ్ళకు నా విన్నపం అదే. చేతికి ఎన్నటికీ చిక్కని వేట పిల్లికి చిరాకే మిగులుస్తుంది. ఆట అయిన వెంటనే రాత్రి తిండి. వేటాడటం, తినడం, ఒళ్ళు నాక్కోవడం, నిద్రపోవడం, ఈ వరుస పిల్లి ఒంట్లోనే ఉంది. మనం దాన్ని మన నిద్రవేళకు జరుపుతున్నాం, అంతే.

రెండోది కష్టం. వాడు అరిచినప్పుడు లేవకూడదు, తిట్టకూడదు, పేరు పెట్టి పిలవకూడదు, అసలు కదలకూడదు. తిట్టు కూడా వాడికి పలకరింపే. మొదటి వారం అరుపులు తగ్గకపోగా పెరిగాయి. చాలామంది అక్కడే ఓడిపోతారు. ఏడో రోజున లేచి తిండి పెడితే, ఇంకా గట్టిగా, ఇంకా ఎక్కువసేపు అరవాలని నేర్పినట్టవుతుంది. తొమ్మిదో రాత్రి బూడిద రెండుసార్లు అరిచి ఊరుకున్నాడు. మూడో వారానికి మా ఇంట్లో అందరం తెల్లవారేదాకా నిద్రపోయాం. అంత ఓపిక లేకపోతే, సమయం పెడితే దానంతట అదే తిండి వదిలే గిన్నె వాడండి. వాడు ఆ గిన్నె దగ్గర కాపలా కాస్తాడు, మీ దిండు దగ్గర కాదు. అయితే బూడిదలా ఆరోగ్యం దెబ్బతిన్న చరిత్ర ఉంటే అరుపు పట్టించుకోకుండా ఉండే ముందు ఒకసారి డాక్టరుకు చూపించడం మంచిది.

సోఫా విషయంలో గోకడం మాన్పించాలని చూడకండి, అది జరగదు. గోళ్ళ మీది పాత పొర ఊడిపోవడానికి, వెన్ను సాగదీసుకోవడానికి, పాదాల్లో ఉండే గ్రంథుల వాసన అంటించడానికి పిల్లి గోకుతుంది. గోకే చోటు మాత్రమే మార్చగలం. మేం మొదట తెచ్చిన గోకుడు స్తంభం పొట్టిది, ముట్టుకుంటే ఊగేది, పైగా కనబడకుండా మూలన పెట్టాం. వాడు దాన్ని చూడను కూడా లేదు. రెండోసారి, వాడు ముందుకాళ్ళు పైకెత్తి నిలువుగా సాగితే అందేంత ఎత్తుగా, దాదాపు 90 సెంటీమీటర్ల బరువైన మొద్దుకు నారతాడు గట్టిగా చుట్టి, చిరిగిన సోఫా చేతికి ఆనించినట్టే పెట్టాను. వారంలో అలవాటు పడ్డాడు. గోళ్ళ కొనలు రెండు మూడు వారాలకోసారి కత్తిరిస్తాను, లోపలి గులాబీ రంగు భాగానికి తగలకుండా. గోళ్ళు తీయించేయమని ఎవరైనా సలహా ఇస్తే వినకండి. ఆ ఆపరేషన్‌లో ప్రతి వేలి చివరి ఎముకను కోసేస్తారు.

వస్తువులు తోయడం నాకు ఇష్టమైన అల్లరి, ఒప్పుకుంటాను. బూడిద కప్పు పక్కన కూర్చుని, పాదంతో ఒక్కసారి తట్టి, నా ముఖం చూసి, మళ్ళీ తడతాడు. పిల్లికి 25 సెంటీమీటర్ల కన్నా దగ్గరి వస్తువు స్పష్టంగా ఆనదు. మీసాలతో, పాదాలతో తడిమి తెలుసుకుంటుంది. అది కదిలితే ఆసక్తి. దానితోపాటు మనిషి పరుగెత్తుకొస్తే రెట్టింపు ఆసక్తి. నేను పగిలేవి తీసేసి, బల్ల మీద రెండు ప్లాస్టిక్ మూతలు వాడి కోసమే ఉంచుతాను. అవి పడినా నేను తల ఎత్తను. కిటికీ పక్కన ఎత్తుగా ఒక అర కొట్టించాం, ఖాళీ అట్టపెట్టెలు పారేయడం మానేశాం. నెదర్లాండ్స్‌లోని యూట్రెక్ట్ విశ్వవిద్యాలయం వాళ్ళు 2014లో ఒక సంరక్షణ కేంద్రంలోని పిల్లులకు దాక్కోవడానికి పెట్టెలు ఇచ్చి చూస్తే, పెట్టెలు దొరికిన పిల్లులు కొత్త చోటికి త్వరగా అలవాటుపడ్డాయి. ఎత్తు, దాగే చోటు ఉన్న ఇంట్లో పిల్లి స్థిమితంగా ఉంటుంది. మా ఇంట్లోనూ అదే చూశాను.

ఆడించే దారం ఆట అవగానే బీరువాలో పెట్టేయండి. పిల్లి నాలుక మీది ముళ్ళు లోపలివైపు తిరిగి ఉంటాయి, నోట్లోకి వెళ్ళిన దారాన్ని ఉమ్మేయడం దానికి కష్టం. మింగితే పేగులు ముడుచుకుపోతాయి. నోట్లోనో వెనకనో దారం వేలాడుతూ కనిపిస్తే లాగకండి, డాక్టరు చూడాలి. లిల్లీ మొక్కలు, ఉల్లి, వెల్లుల్లి, పారాసిటమాల్ పిల్లులకు విషం. ఒక్క పారాసిటమాల్ మాత్ర కూడా చంపేయగలదు. పిల్లి, పాలు అనగానే మన సామెతలన్నీ గుర్తుకొస్తాయి గానీ, ఎదిగిన పిల్లులు చాలావాటికి పాలు అరగవు. నీళ్ళు చాలు.

తిట్టినా కొట్టినా మారడం లేదని రాశారు. దయచేసి కొట్టడం ఈ రోజుతో ఆపేయండి. పిల్లి తన పనినీ మీ దెబ్బనూ కలిపి చూడదు, మీ చేతినీ దెబ్బనూ కలిపి చూస్తుంది. బూడిద ఆసుపత్రి నుంచి వచ్చాక నెల రోజులు నా చేయి పైకి లేస్తే తల వంచేవాడు. మళ్ళీ దగ్గర చేసుకోవడానికి నేను నేల మీద, వాడికి కొంచెం దూరంగా కూర్చుని, కళ్ళు సగం మూసి నెమ్మదిగా రెప్ప వాల్చి తెరిచేదాన్ని. బ్రిటన్‌లోని ససెక్స్ విశ్వవిద్యాలయం పరిశోధకులు 2020లో ప్రచురించిన పరిశోధనలో, ఇలా రెప్పలు వాల్చిన మనిషికి పిల్లులు తామూ రెప్పలు వాల్చి బదులిచ్చాయనీ, దగ్గరికి రావడానికి మొగ్గు చూపాయనీ తేలింది. మా వాడు పదకొండో రోజున బదులిచ్చాడు. ఆ రోజు నా ఒడిలోకి రాలేదు గానీ, వచ్చి నా పాదం పక్కన పడుకున్నాడు.

ముందు డాక్టరు దగ్గరికి వెళ్ళి రండి. వాడికి ఆపరేషన్ అయిందా లేదా, లిట్టర్ బాక్సు ఎక్కడ ఉంది, గత నెల రోజుల్లో ఇంట్లో ఏమేమి మారాయి, ఇవన్నీ రాసుకుని తీసుకువెళ్ళండి. ఆయన ఏమన్నారో ఇక్కడ రాస్తే, మిగిలినవి వాడి తీరును బట్టి చూద్దాం.