పాట రక్తంలో ఉండాలా?

మీ తొమ్మిదేళ్ల పాప రెండేళ్లుగా సంగీతం నేర్చుకుంటున్నా, ఒక స్వరం వినగానే అదేమిటో చెప్పలేకపోతోందనీ, "రక్తంలో లేదు, మానిపించండి" అని మాస్టారు అన్నారనీ రాశారు. మానిపించకండి.

ఆయన అడుగుతున్నది పర్‌ఫెక్ట్ పిచ్, అంటే పోల్చుకోవడానికి వేరే స్వరం వినిపించకపోయినా, విన్న స్వరాన్ని వెంటనే గుర్తుపట్టే శక్తి. అది చాలా అరుదండీ, మంచి సంగీతకారుల్లోనే ఎక్కువమందికి ఉండదు. కొన్ని కుటుంబాల్లో ఎక్కువగా వస్తుందన్నది నిజమే. కానీ ఆరేడేళ్ల లోపే సంగీతం మొదలుపెట్టినవాళ్లలోనూ, పలికే గొంతు స్థాయి మారితే మాట అర్థమే మారిపోయే మాండరిన్‌ లాంటి భాషలు మాట్లాడే సంగీత విద్యార్థుల్లోనూ ఇది ఎక్కువ. అంటే జన్యువులు ఒక్కటే చాలవు, చిన్నప్పుడు చెవిన పడేదీ కలవాలి.

పాడటానికి కావలసింది వేరు. ఒక స్వరానికీ ఇంకోదానికీ మధ్య దూరం పట్టుకోవాలి, అది సాధనతో మెరుగవుతుంది. పాపకు బాగా తెలిసిన పాటను కావాలని తప్పుగా పాడి చూడండి. నవ్విందంటే చెవికి ఢోకా లేదు!

ఇంకోటి. ఎంత సాధన చేస్తామన్న దానిలోనూ జన్యువుల పాత్ర ఉందని స్వీడన్‌లో కవలలపై జరిగి 2014లో వచ్చిన అధ్యయనం తేల్చింది. అందుకే, ఎవరూ చెప్పకుండా పాప కూనిరాగాలు తీస్తుందేమో గమనించండి. తీస్తుంటే, సాధనకు కావలసిన ఇష్టం తనలో ఉన్నట్టే. క్లాసంటేనే టెన్షన్ పడుతుంటే మాత్రం ముందు మాస్టారిని మార్చి చూడండి.