వీర్యానికి పొడవుంటుందా?

సందేహం: ‘ఈ ఈగ వీర్యం పొడవు ఆరు సెంటీమీటర్లు’ అని ఒక పత్రికలో చదివాను. ద్రవానికి పొడవేమిటి? వీర్యకణం, శుక్రకణం – ఏది సాధువు? (ఒక పాఠకుడు, చిత్తూరు)

సమాధానం: మీ అనుమానం న్యాయమైనదే. అక్కడ చెప్పదలచినది డ్రోసోఫిలా బైఫర్కా అనే పండ్ల ఈగ శుక్రకణం గురించి. ఒళ్లు కొన్ని మిల్లీమీటర్లే అయినా, చుట్ట విప్పి కొలిస్తే దాని శుక్రకణం సుమారు 5.8 సెంటీమీటర్లుంటుంది. ఆంగ్లంలో ద్రవాన్నీ కణాన్నీ వాడుకలో ‘స్పెర్మ్’ అనే ఒకే మాటతో సరిపెట్టుకుంటే, మనమూ సరిపెట్టుకోవాలా?

వీర్యం మొదట దేహద్రవం పేరు కాదు. శూరుని భావం శౌర్యమైనట్లే వీరుని భావం వీర్యం, పరాక్రమమని అర్థం. ఔషధంలోని శక్తినీ ఆయుర్వేదం వీర్యమనే అన్నది గనుకనే మిరియాలు ఉష్ణవీర్యం. అమరసింహుడు శుక్రం, తేజస్సు, రేతస్సు, బీజం, వీర్యం, ఇంద్రియం అన్నింటినీ ఒక్క పంక్తిలో పర్యాయపదాలుగా కూర్చాడు. అయినా పాత అర్థం చావలేదు. ‘పోలీసులు బాంబును నిర్వీర్యం చేశారు’ అని తరచుగా రాసే విలేఖరులకు ఆ మాటలో ఉన్నది ఏ వీర్యమో ఆలోచించే తీరిక లేదు. శుక్రం మెరిసేది, రేతస్సు ప్రవహించేది. పలమనేరు పాడిరైతు మాత్రం ఎదకొచ్చిన ఆవుకు కృత్రిమ గర్భధారణ చేయించి ‘సూది వేయించాను’ అని ఊరుకుంటాడు.

శాస్త్రంలో ద్రవానికీ కణానికీ ఉన్న భేదం పాటించక తప్పదు. ఒకే ఆడజీవితో పలు మగజీవులు కూడినప్పుడు శుక్రకణాల మధ్య పోటీ ఏర్పడుతుందని 1970లో జీవశాస్త్రవేత్త జెఫ్ పార్కర్ ప్రతిపాదించాడు. ఆ పోటీలో కణం పొడవు, వేగం ఒక దారిన పరిణమిస్తే, ద్రవంలోని ప్రోటీన్లు మరొక దారిన పరిణమిస్తాయి. పండ్ల ఈగలో అలాంటి ప్రోటీనొకటి ఆడ ఈగను కొన్నాళ్లు మరో మగ ఈగకు లొంగనివ్వదు. జీబ్రా ఫించ్ పిట్టలలో జడ్ (Z) అనే లింగ క్రోమోజోము జతలో ఒకదాని మీద మాత్రమే కొంత భాగం తలకిందులుగా ఉన్న మగవాటి శుక్రకణాలు ఎక్కువ వేగంగా ఈదుతాయని 2017లో తేలింది. ఇక్కడ ‘వీర్యం వేగం’ అని రాస్తే పాఠకుడు దేన్ని ఊహించుకోవాలి?

వీర్యమందలి కణమన్న అర్థంలో వీర్యకణం తప్పని నేననను; శాస్త్రరచనలో శుక్రకణమే మేలని నా అభిప్రాయం. ‘వీర్యం ఈదుతుంది’ అని మాత్రం ఎవరూ రాయకూడదు. ఆ మాటకొస్తే నులిపురుగుల శుక్రకణం కూడా ఈదదు; తోక లేనందువల్ల అమీబాలా పాకుతుంది.