పాము కరిస్తే రక్తాన్ని 20 నిమిషాలు ఎందుకు పక్కన పెడతారు?

చిత్తూరు వైపు వేరుశనగ చేలల్లో రక్తపింజరి కాటు కొత్తేమీ కాదు. దాని విషం రక్తం గడ్డకట్టడానికి తోడ్పడే ఫ్యాక్టర్ 10, ఫ్యాక్టర్ 5 అనే ప్రోటీన్లను ఒక్కసారిగా రెచ్చగొడుతుంది. గడ్డకట్టడానికి కావలసిన ఫైబ్రినోజెన్ అనే ప్రోటీన్ అంతా ఖర్చయిపోయి, రక్తం నీళ్లలా కారుతూనే ఉంటుంది.

అందుకే 2 మిల్లీలీటర్ల రక్తాన్ని కొత్త, పొడి గాజు గొట్టంలో పోసి 20 నిమిషాలు కదపకుండా ఉంచి, ఒక్కసారి వంచి చూస్తారు. గడ్డకట్టకుండా జారిందా, యాంటీవీనం (పాము విషానికి విరుగుడు మందు) మొదలుపెట్టాల్సిందే.

గొట్టం విషయంలో చాలా జాగ్రత్త. ప్లాస్టిక్‌దైనా, సబ్బుతో కడిగిన గాజుదైనా ఆరోగ్యవంతుడి రక్తమూ గడ్డకట్టకపోవచ్చు. గడ్డకట్టడాన్ని మొదలుపెట్టేది ఆ గాజు తలమే మరి. యాంటీవీనం ఇచ్చాక 6 గంటలకు పరీక్ష మళ్లీ చేయాలి.

ఇదే విషాన్ని బాగా పలచన చేసి, ల్యాబు పరీక్షలో రక్తం గడ్డకట్టడాన్ని ఆలస్యం చేసే లూపస్ యాంటీకోయాగ్యులెంట్ అనే యాంటీబాడీలను పట్టుకోవడానికి ల్యాబుల్లో వాడతారు.