సర్కస్ స్టాంపుల ఫస్ట్ డే కవర్లకు గోధుమ చుక్కలు వస్తున్నాయి, ఏం చెయ్యాలి?

బరంపురంలో ఉంటూ సర్కస్ స్టాంపులు పోగేస్తున్నానని, వాటి ఫస్ట్ డే కవర్లకు (స్టాంపు విడుదలైన రోజునే దాన్ని అంటించి ఆ తేదీ ముద్ర కొట్టిన కవర్లకు) చుక్కలు పడుతున్నాయని, ఇకముందు ఏవి కొనాలని అడిగారు కదండీ.

ఆ చుక్కలు ఎక్కువగా బూజువే. తుడిస్తే పోవు. బ్లీచింగ్ పెడితే ముద్ర సిరా కూడా పోతుంది, ఆ పని అస్సలు చెయ్యకండి. చుక్కలున్నవాటిని వెంటనే వేరు చేసి, ఎండ తగలకుండా ఫ్యాను గాలికి ఒక రోజంతా ఆరనివ్వండి. మెత్తటి పీవీసీ ప్లాస్టిక్ సంచులు సిరాకు అతుక్కుంటాయి. పాలిప్రొపిలీన్ సంచులు తీసుకోండి. సముద్రం ఒడ్డున గోపాలపురం వైపు గాలిలో ఉప్పుతేమ ఎక్కువ కాబట్టి ఆల్బం బయటి గోడకు ఆనించిన బీరువాలో వద్దు. మూత బిగుసుకునే డబ్బాలో తేమ పీల్చే సిలికా జెల్ పూసలు వేసి నిలువుగా పెట్టండి. పడుకోబెడితే బరువుకి స్టాంపు బంక కాగితాన్ని పట్టేస్తుంది. నీలం పూసలు గులాబీ రంగుకి తిరిగాయంటే తేమ తాగేశాయన్నమాట. వంటకి వాడని పాత పెనం మీద సన్నసెగన వేడిచేస్తే మళ్ళీ నీలమవుతాయి. నాఫ్తలీన్ ఉండలు మాత్రం వద్దు.

కొనడానికి 2002 యూరోపా వరసతో (యూరప్ దేశాలు ఏటా ఒకే అంశం మీద వేసే స్టాంపులతో) మొదలుపెట్టండి. ఆ ఏడాది అంశమే సర్కస్. బ్రిటన్ అయిదు స్టాంపులు ఏప్రిల్ 9న రావాల్సింది, ఆ రోజు రాజమాత అంత్యక్రియలు కావడంతో 10కి జరిగాయి. అందుకే కవరు చేతికి రాగానే బొమ్మ కంటే ముందు ముద్రలో తేదీ చదవాలి. అమెరికా 1966 జోకరు బొమ్మ 5 సెంట్ల స్టాంపుకి తొలిరోజు ముద్ర మే 2న, విస్కాన్సిన్‌లోని డెలవాన్ ఊరిది. వేరే ఊరిదైతే ఫస్ట్ డే కవరు ధర పెట్టకండి.

హంగరీ, సోవియట్ సర్కస్ స్టాంపుల్లో ముద్ర ఉండి కూడా వెనక బంక నిగనిగలాడేవి చాలా ఉంటాయి. నకిలీవి కావు, అమ్మకానికే ముద్ర కొట్టినవి. ఉత్తరం మోసుకెళ్ళినవి కావు కాబట్టి చవగ్గానే దొరకాలి.

కవరు ముక్క మీది పాత స్టాంపుల్ని గోరువెచ్చని నీళ్ళలో ఇరవై నిమిషాలు నానబెడితే వాటంతటవే విడతాయి. ఎర్ర కవరు ముక్కల్ని విడిగా నానబెట్టాలి, రంగు దిగుతుంది. 2014లో అమెరికా వేసిన సర్కస్ పోస్టర్ల స్టాంపులు స్టిక్కర్ రకం. వాటిని నీళ్ళలో వెయ్యకుండా చుట్టూ అర సెంటీమీటరు కాగితం వదిలి కత్తిరించి దాచుకోండి.

మన తపాలాశాఖ కొత్త విడుదలలకైతే భువనేశ్వర్ జీపీఓలో (పెద్ద పోస్టాఫీసులో) స్టాంపులు పోగేసేవాళ్ళ కోసం ఉన్న ఫిలాటెలిక్ బ్యూరోలో ముందుగా డబ్బు కట్టే డిపాజిట్ ఖాతా తెరవండి, ఇంటికే పంపుతారు.